సముద్రం మీ కుడిపక్కన ఉండాలి: క్యాంపర్‌లో గాస్పేజీ చుట్టి రావడం ఎలా

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ రాష్ట్రానికి తూర్పు కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన ద్వీపకల్పం గాస్పేజీ. ఉత్తరాన సెయింట్ లారెన్స్ నది అవతలి ఒడ్డు కనిపించనంతగా వెడల్పెక్కి సముద్రమైపోతుంది. దక్షిణాన షలూర్ అఖాతం, నడుమ షిక్-షాక్ కొండలు. 132వ నంబరు రోడ్డు ఈ నేల అంచు పట్టుకుని దాదాపు 900 కిలోమీటర్లు తిరిగి, బయలుదేరిన సెంత్-ఫ్లావీ ఊరికే మళ్లీ తెచ్చి దింపుతుంది. టొరంటో, ఒటావా, మాంట్రియల్ వైపు ఉండే తెలుగువాళ్లు రాకీ పర్వతాల్లోని బాన్ఫ్ పార్కు చూసి వచ్చాక ఇక ఎక్కడికి అని వెతుక్కుంటూ ఉంటారు. నన్నడిగితే బాన్ఫ్ కంటే ముందే ఇక్కడికి రావచ్చు, అదీ పడకలు, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే క్యాంపర్ బండిలో.

ముందు ఏ వైపు తిరగాలో తేల్చుకోండి

సెంత్-ఫ్లావీ దగ్గర రెండు దారులు ఉంటాయి. నేరుగా వెళ్తే మటాన్ మీదుగా ఉత్తర తీరం. కుడికి తిరిగి లోపలికి వెళ్తే మటాపెడియా లోయ మీదుగా దక్షిణ తీరం. ఎదురుగా సముద్రం కనిపిస్తూ ఉంటే ఎవరికైనా నేరుగా పోవాలనే అనిపిస్తుంది. పోకండి. లోయలోకి తిరగండి.

ఇక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. లోయ గుండా దిగి, అఖాతం ఒడ్డున తూర్పుకు, తూర్పు కొసన పెర్సే ఊరి దగ్గర ఉత్తరానికి, చివరికి ఉత్తర తీరం మీద పడమరకు వస్తే తీరం పొడవునా సముద్రం మీ కుడిపక్కనే ఉంటుంది. ఏడు మీటర్ల బండిని నడిపేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. ఆగి చూడాలనిపించే చోట్లన్నీ సముద్రం పక్కనే ఉంటాయి. ఎదురుగా వచ్చే లారీలకు అడ్డంగా ఎడమకు తిరగనక్కరలేకుండా, దీపం వేసి కుడికి జారుకుంటే చాలు. ఇంకో కారణం కూడా ఉంది. అఖాతం వైపు రోడ్డు మెత్తగా సాగుతుంది, ఉత్తర తీరంలో ఏటవాలు ఎత్తుపల్లాలు ఎక్కువ. కొత్త బండి చేతికి అలవాటయ్యాకే ఆ కొండలు ఎదురుకావడం మంచిది. ఇందులో ఒక్కటే ఇబ్బంది: ఉత్తర తీరంలో సాయంత్రం ఎండ నేరుగా కళ్లలో కొడుతుంది. ఆ భాగాన్ని పొద్దున్నే నడిపేయండి.

ఎప్పుడు వెళ్లాలి

క్యూబెక్‌లో జూలై చివరి రెండు వారాలు నిర్మాణ రంగానికి సెలవులు. ఆ రంగంతో సంబంధం లేనివాళ్లు కూడా అప్పుడే సెలవు పెట్టుకుంటారు, అందరూ ఇటే వస్తారు. ఆ రెండు వారాలను పూర్తిగా వదిలేయండి. జూన్‌లో ఖాళీగానే ఉంటుంది గానీ, కొండల దగ్గర నల్ల ఈగలు చెవుల వెనక కుట్టి వదిలిపెడతాయి. పిల్లల బడి అడ్డు కాకపోతే సెప్టెంబరు మొదటి రెండు వారాలను మించిన సమయం లేదు. అడ్డయితే జూలై మొదటి వారాలు. సెప్టెంబరు సగం దాటితే చిన్న హోటళ్లు, క్యాంపులు ఒక్కొక్కటే మూతపడుతుంటాయి. జూలైలో కూడా రాత్రి పది, పన్నెండు డిగ్రీలకు పడిపోవడం మామూలే కనుక స్వెట్టర్లు, ఉన్ని టోపీలు పెట్టెలో పైనే పెట్టుకోండి.

సెంత్-ఫ్లావీ నుంచి చుట్టు తిరిగి రావడానికి ఏడు రోజులు కనీసం, పది రోజులైతే హాయి. మాంట్రియల్ నుంచి సెంత్-ఫ్లావీకే 550 కిలోమీటర్లకు పైగా ఉంది. ఆ రాకపోకలకు రెండు రోజులు విడిగా లెక్కవేసుకోండి. వారం సెలవులో మొత్తం ఇరికిస్తే మీకు గుర్తుండేది స్టీరింగు మాత్రమే.

బండి తీసుకునేటప్పుడు

నలుగురికి 22 నుంచి 25 అడుగుల మోటర్‌హోం, అంటే పెద్ద క్యాంపర్, చాలు. ఇద్దరే అయితే క్యాంపర్ వ్యానే మేలు, పెర్సే సందుల్లో దాని విలువ తెలుస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే, డ్రైవరు తల మీద ఉండే పడక వాళ్లకు వద్దు. నిచ్చెనెక్కి, వంగి, పాకి చేరాల్సిన పడక అది. అర్ధరాత్రి లేవాల్సివస్తే మోకాళ్లకు నరకం. వెనక స్థిరంగా ఉండే మంచం వాళ్లకిచ్చి, పైపడక పిల్లలకివ్వండి. వాళ్లు దానికోసమే కొట్టుకుంటారు.

ఒంటారియోలో కారు నడిపే పూర్తిస్థాయి జి లైసెన్సు ఈ బండ్లకు సరిపోతుంది. అమెరికా నుంచి వచ్చేవారు ఇంకోటి చూసుకోవాలి: భారత పాస్‌పోర్టు మీద హెచ్-1బీలో ఉన్నవారికి కెనడా సందర్శక వీసా తప్పనిసరి.

అద్దెలో రోజు కిరాయి కంటే కిలోమీటర్ల లెక్కే అసలు ఖర్చు. మాంట్రియల్ నుంచి వెళ్లి, చుట్టి, రావడానికి పక్కదారులు కలుపుకుంటే 2,200 కిలోమీటర్లు దాటుతుంది. రోజుకు వంద కిలోమీటర్లే ఉచితమంటే మిగతాదానికి ఎంతో ముందే లెక్కగట్టండి. ఈ సైజు మోటర్‌హోం వంద కిలోమీటర్లకు 20 నుంచి 25 లీటర్ల పెట్రోలు తాగుతుంది. మొత్తం మీద 550 లీటర్ల దాకా.

తాళాలు తీసుకునే ముందు ఫోనులో వీడియో తీస్తూ అన్నీ చేయించుకుని చూడండి. నీళ్ల పంపు, వేడినీళ్లు, పొయ్యి, హీటరు, ఫ్రిజ్‌ను కరెంటు నుంచి గ్యాస్‌కు మార్చడం, ఎండతెర తెరిచి మూయడం. బండి ఎత్తు ఎంతో అడిగి, కాగితం మీద రాసి అద్దం పక్కన అంటించండి. చక్రాల కింద పెట్టే మెట్ల దిమ్మలు ఇచ్చారో లేదో చూడండి. గ్యాస్ మీద నడిచే పాతరకం ఫ్రిజ్ బండి వాలుగా ఉంటే సరిగ్గా చల్లబడదు, ఇక పెరుగు సంగతి చెప్పక్కరలేదు.

టొరంటో వైపు నుంచి వచ్చేవారు మాంట్రియల్ నగరంలోకే దిగకండి. 30వ నంబరు రహదారి దక్షిణంగా చుట్టుకుని వెళ్తుంది. మధ్యలో ఒక వంతెనకు టోలు కట్టాలి, కట్టండి. నగరంలో లా ఫోంతేన్ సొరంగం వంటి చోట్ల గ్యాస్ బండలున్న వాహనాలకు పరిమితులున్నాయి. పైగా మాంట్రియల్ దీవిలో ఎర్రదీపం మీద కుడికి తిరగడం నిషేధం.

వంట సామాను

మాంట్రియల్ నుంచి మొదలుపెడితే పార్క్-ఎక్స్‌టెన్షన్ పేటలోని ఇండియన్ దుకాణాలే చివరి మజిలీ అనుకోండి. కందిపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లం అక్కడే కొనేయండి. ఆ తర్వాత రిముస్కీ, మటాన్, గాస్పే పట్టణాల్లో పెద్ద సరుకుల దుకాణాలు ఉన్నాయి. పాలు, పెరుగు, కూరగాయలు, బియ్యం దొరుకుతాయి, మన దినుసులు మాత్రం దొరకవు. పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద ‘నాత్యూర్’ అని ఉండేది తీసుకోండి, లేకపోతే వెనిలా పెరుగుతో అన్నం కలుపుకోవాల్సి వస్తుంది.

తాళింపు మాత్రం బండి లోపల వద్దు. ఎండుమిర్చి చిటపటలాడిన మరుక్షణం పొగ పసిగట్టే యంత్రం అరుస్తుంది, ఆ ఘాటు పరుపులకు పట్టి యాత్ర ముగిసేదాకా వదలదు. చిన్న గ్యాస్ పొయ్యి ఒకటి విడిగా తెచ్చుకుని క్యాంపు బల్ల మీద పోపు పెట్టండి. అన్నం, పప్పు లోపల, పోపు, వేపుడు బయట. తిన్నాక బల్లమీద ఏదీ వదలకండి. ఇవి నల్ల ఎలుగుబంట్లు తిరిగే అడవులు.

మాంసం తిననివాళ్లు రోడ్డుపక్క బడ్డీల్లో పుతీన్ అడిగేముందు ఆగండి. బంగాళాదుంప ముక్కలు, జున్నుముక్కల మీద పోసే ఆ గోధుమరంగు పులుసు మామూలుగా మాంసంతో కాచిందే. ‘సోస్ వేజే’ ఉందా అని అడగండి. తినేవాళ్లకు మాత్రం ఈ తీరం స్వర్గం. చేపల దుకాణంలో ఉడికించిన లాబ్‌స్టర్ కొని, మన ఉల్లి, అల్లంవెల్లుల్లి మసాలాలో తిప్పి చూడండి.

రాత్రి మకాం

పార్కుల్లోని క్యాంపులు చలికాలంలోనే బుక్ చేసుకోవాలి. ఫోరియోన్ జాతీయ పార్కుకు కేంద్ర సంస్థ పార్క్స్ కెనడా దగ్గర, మిగతావాటికి, అంటే క్యూబెక్ రాష్ట్ర పార్కులకు, సెపాక్ సంస్థ దగ్గర. స్థలాలను ‘సర్వీసుల’ లెక్కన చెబుతారు: మూడు సర్వీసులంటే నీళ్లు, కరెంటు, మురుగు కలుపు మూడూ. ప్రతి రాత్రీ మూడూ అక్కరలేదు. రెండు రాత్రులు ఉట్టి స్థలం, మూడో రాత్రి మూడు సర్వీసుల స్థలం చొప్పున వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది, మంచి చోట్లు దొరుకుతాయి.

ఎక్కడపడితే అక్కడ సముద్రపు ఒడ్డున ఆపి పడుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. 2020 వేసవిలో ఇతర దేశాలకు పోలేక జనమంతా గాస్పేజీ మీద పడ్డారు. ఇసుక తిన్నెల మీద గుడారాలు, చెత్త, మలమూత్రాలు చూసి ఊళ్లవాళ్లు విసిగిపోయారు. ఆ తర్వాత చాలా చోట్ల రాత్రి నిలపడం నిషేధించారు. కొన్ని పంచాయతీలు మాత్రం తమ విశ్రాంతి స్థలాల్లో మురుగు తమలోనే దాచుకోగల బండ్లకు ఒక రాత్రి అనుమతిస్తాయి. బోర్డు మీద క్యాంపర్ బొమ్మకు అడ్డగీత ఉంటే, లేదా ‘ఇంతెర్‌దీ’ అన్న మాట ఉంటే కదలండి. బోర్డుల మీద ‘వే-ఎర్’ అంటే మీ బండే. ఎవరితో మాట్లాడినా ముందు ‘బోన్‌జూర్’ చెప్పి, చిరునవ్వు వచ్చాకే ఇంగ్లీషు మొదలుపెట్టండి.

మురుగు ఖాళీ చేయడం

ఇంటిల్లిపాదీ ఈ పని మీకే వదిలి మాయమవుతారు, కాబట్టి వరస గుర్తుంచుకోండి. బండికి రెండు మురుగు ట్యాంకులుంటాయి: మరుగుదొడ్డిది ఒకటి, సింకు, స్నానం నీళ్లది ఇంకొకటి. బోర్డు మీద ‘విదాంజ్’ అని ఉన్న చోట బండి ఆపి, రబ్బరు తొడుగులు వేసుకోండి. లావు గొట్టం ఒక కొసను ముందు నేలలోని రంధ్రంలో దించి, దాని మీద రాయో కాలో పెట్టండి. రెండో కొసను బండికి బిగించి, తిప్పి, మళ్లీ ఒకసారి లాగి చూడండి. అప్పుడు మొదట మరుగుదొడ్డి ట్యాంకు మీట లాగండి. గొట్టంలో చప్పుడు పూర్తిగా ఆగాక ఆ మీట మూసి, సింకు ట్యాంకు మీట లాగండి. ఆ సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. వరస తిరగేస్తే గొట్టం మురికిగానే సర్దుకోవాలి.

మూడు సర్వీసుల స్థలంలో ఉన్నా మరుగుదొడ్డి మీట ఎప్పుడూ మూసే ఉంచండి. తెరిచి ఉంచితే నీళ్లు మాత్రమే పోయి, గట్టిది అడుగున పేరుకుపోతుంది. మూడింట రెండు వంతులు నిండాకే వదలాలి. సింకులో పప్పు గిన్నె కడిగేముందు అడుగు మొత్తం కాగితంతో తుడిచేయండి. నూనె, పసుపు, మెతుకులు చేరిన ట్యాంకు రెండో రోజుకే కంపు కొడుతుంది.

ఇక రోడ్డు మీదికి

సెంత్-ఫ్లావీ చేరేముందు రిముస్కీ దగ్గర పాయింత్-ఓ-పేర్‌లో ఆగండి. 1914లో ఈ నీళ్లలోనే ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్ అనే ఓడ మునిగి వెయ్యిమందికి పైగా చనిపోయారు. దాని మ్యూజియం, పక్కనే లోపలికి దిగి చూడగలిగే ఒనొండాగా జలాంతర్గామి ఉన్నాయి.

మటాపెడియా లోయ పచ్చగా, నిశ్శబ్దంగా ఉంటుంది. చీకటిపడ్డాక మాత్రం అక్కడ నడపకండి. మూస్ అనే భారీ దుప్పులు రోడ్డుకు అడ్డం వస్తాయి. దానికి ఎత్తైన కాళ్లు కాబట్టి గుద్దితే శరీరం నేరుగా అద్దం మీదికే వస్తుంది.

లోయ దాటి అఖాతం పట్టుకున్నాక మొదట మిగువాషా. 38 కోట్ల ఏళ్ల నాటి చేపల శిలాజాలున్న కొండచరియ ఇది, 1999 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. చేపలు నేలమీదికి పాకడానికి సిద్ధమవుతున్న కాలం నాటివి. పిల్లలకు గంటన్నర ఇట్టే గడిచిపోతుంది. తర్వాత కార్ల్‌టన్-సుర్-మేర్. ఇక్కడ ఊరి క్యాంపు ఒక ఇసుక నాలుక మీద, రెండువైపులా నీళ్లతో ఉంటుంది. మొదటి రెండు రాత్రులు ఇక్కడ వేసుకోండి. ఒక హెచ్చరిక: అవతలి ఒడ్డు న్యూ బ్రన్స్‌విక్, అక్కడ గడియారం ఒక గంట ముందుంటుంది. ఫోను అటువైపు టవరు పట్టుకుని చెప్పాపెట్టకుండా గంట ముందుకు దూకుతుంది. కాసేపటికి మళ్లీ వెనక్కి వస్తుంది. అలారం పెట్టి లేచి, ఆరింటికని చూస్తే అయిదే అయి ఉంటుంది. ఫోనులో సమయాన్ని మాంట్రియల్‌కు చేత్తో స్థిరపరచండి.

ఈ తీరంలో మూడు రంగుల పట్టీల మీద పసుపు నక్షత్రమున్న జెండాలు కనిపిస్తాయి. అవి 1755లో బ్రిటిషువాళ్లు వెళ్లగొట్టిన అకాడియన్లనే ఫ్రెంచి వలసదారుల వారసుల ఇళ్లు. కొన్ని ఊళ్లు దాటితే న్యూ కార్లైల్ వంటి చోట్ల ఇంగ్లీషు వినిపిస్తుంది. బోనావాంత్యూర్ నది నీళ్లు అడుగు రాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉంటాయి, ఎండ బాగుంటే ఒక పూట పడవ అద్దెకు తీసుకోండి.

పెర్సేలో రెండు రాత్రులు

ఇక్కడ తొందరపడితే యాత్ర దండగ. 400 మీటర్లకు పైగా పొడవున్న ఒకే బండ, చివర కమాను తొలిచి, సముద్రంలో నిలబడి ఉంటుంది. దాని కిందికి వెళ్లాలని చూడకండి, రాళ్లు ఊడి పడుతుంటాయి. ఊళ్లో పెద్ద బండి నిలపడానికి చోటు కష్టం కనుక క్యాంపులోనే వదిలి నడిచి తిరగండి.

పొద్దున మొదటి పడవకే బోనావాంత్యూర్ దీవికి వెళ్లండి. పడవ టికెట్టు వేరు, పార్కు రుసుము వేరు. పడవ బండ చుట్టూ తిప్పి, దీవి చుట్టూ తిప్పి దింపుతుంది. అక్కడి నుంచి అడవిదారిన మూడు కిలోమీటర్ల లోపే నడక. ముందు వాసన వస్తుంది, తర్వాత గోల, ఆ తర్వాత చెట్లు తెరుచుకుని కొండ అంచంతా తెల్లగా పక్షులు. గానెట్లు, లక్ష దాకా ఉంటాయి. కర్రకంచెకు అవతల రెండు అడుగుల దూరంలోనే గూళ్లు. లేత పసుపు తల, కంటి చుట్టూ నీలిగీత, రెక్కల కొసలు తారులో ముంచినట్టు నలుపు. సముద్రం నుంచి ఒకటి వచ్చి వాలగానే జోడు లేచి నిలబడుతుంది. రెండూ మెడలు చాచి ముక్కుకు ముక్కు రాసుకుంటాయి. పక్కగూటి పక్షి కొంచెం జరిగిందా, అదే ముక్కుతో పోటు. కంచె దగ్గర కూర్చోవడానికి గంట కేటాయించండి. చివరి పడవ సమయం మాత్రం దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి.

పెర్సే దాటగానే ఉత్తరాన నిటారు ఎక్కుడు, ఆపై దిగుడు. దిగేముందే గేరు తగ్గించండి. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

ఫోరియోన్, ఉత్తర తీరం

గాస్పే పట్టణంలో పెట్రోలు, గ్యాస్, సరుకులు నింపుకోండి. ఫ్రెంచి నావికుడు జాక్ కార్తియే 1534 జూలై 24న ఇక్కడే శిలువ పాతి ఈ నేల ఫ్రాన్సు రాజుదన్నాడు. ఫోరియోన్ పార్కులో కాప్ గాస్పే దీపస్తంభం దాకా రానూపోనూ 8 కిలోమీటర్ల నడక పెట్టుకోండి, కింద నీళ్లలో తిమింగలం వీపు కనిపించే అవకాశం ఉంది. గ్రాంద్-గ్రావ్‌లో పాత జాలరి ఇళ్లను కూడా చూడండి. 1970లో ఈ పార్కు కోసం రెండు వందలకు పైగా కుటుంబాలను ఖాళీ చేయించారు. 2011లో కెనడా పార్లమెంటు వాళ్లకు క్షమాపణ చెప్పింది. పోలవరం, శ్రీశైలం ముంపు ఊళ్ల కథలు విన్నవారికి ఆ ఖాళీ ఇళ్ల ముందు ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు.

రివియేర్-ఓ-రెనార్ నుంచి గ్రాంద్-వాలే దాకా కొండ ఎక్కడం, ఊళ్లోకి దిగడం, మళ్లీ ఎక్కడం. అక్కడి నుంచి కాస్త ముందుకు వెళ్లాక రోడ్డు కొండచరియకూ సముద్రానికీ మధ్య సన్నగా దూరుతుంది. గాలి గట్టిగా ఉంటే వేగం తగ్గించండి. ఈ తీరంలో రాత్రి ఎండతెర తెరిచి ఉంచితే తెల్లారేసరికి దాని కడ్డీలు విరిగి ఉంటాయి. లా మార్త్ర్ దగ్గర ఎర్ర దీపస్తంభం దగ్గర ఆగి టీ కాచుకోండి.

సెంతాన్-దే-మోన్ నుంచి 299వ నంబరు రోడ్డు మీద లోపలికి నలభై కిలోమీటర్లు వెళ్తే గాస్పేజీ పార్కు. అక్కడ ఫోను పనిచేయదు కాబట్టి మ్యాపులు ముందే దింపుకోండి, పెట్రోలు ట్యాంకు నింపుకోండి. జాక్-కార్తియే శిఖరం ఎత్తు దాదాపు 1,270 మీటర్లు. సెయింట్ లారెన్స్‌కు దక్షిణాన మిగిలిన ఒకే ఒక్క కారిబూ (రెయిన్‌డీర్ జాతి దుప్పి) మంద ఇక్కడ బతుకుతోంది. వాటికోసం ఆ దారిని ఏడాదిలో కొన్ని నెలలు, పగలు కొన్ని గంటలే తెరుస్తారు. బయలుదేరేముందు సెపాక్‌ను అడగండి. వాన పట్టి అలసిపోయి ఉంటే ఈ పార్కును వదిలేయకుండా మటాన్‌నే వదిలేయండి.

చివరి రోజు

గ్రాన్-మెతీలో తోటలు ఉన్నాయి. ఎల్సీ రెఫర్డ్ అనే ఆవిడ ఈ చలిలో హిమాలయాల నీలి గసగసాల పూలను పండించింది. జూన్ చివర, జూలై మొదట్లో అయితే అవి పూసి ఉంటాయి.

బండి అప్పగించే నగరంలో మురుగు వదలడానికి చోటు వెతుక్కోవడం కష్టం. ముందురోజు రాత్రి మూడు సర్వీసుల క్యాంపులో ఆగి, రెండు ట్యాంకులూ ఖాళీ చేసి, లోపల తుడిచి, చెత్త పారేయండి. గ్యాస్ బండ నింపించాలో లేదో ఒప్పందంలో చూసుకోండి. అప్పగించే చోటుకు దగ్గరలోని బంకులోనే పెట్రోలు నింపి రసీదు దాచుకోండి. తాళాలిచ్చేముందు కిలోమీటర్ల మీటరును, బండి నాలుగు వైపులను, ట్యాంకు సూచికలను ఫొటో తీయండి. ఫ్రిజ్ అడుగు అరలో ఆవకాయ సీసా ఉండిపోలేదు కదా, అది కూడా ఒకసారి చూడండి.